మోడల్ నంబర్ లేని గిటార్‌ను అమ్మకానికి పెట్టేటప్పుడు

ఫెండర్ స్ట్రాటో, గిబ్సన్ లెస్ పాలో, ఇలా పేరున్న కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్‌ను అమ్మకానికి పెడితే సగం పని ముందే అయిపోయినట్టు. మోడల్ పేరు, తయారైన ఏడాది చెబితే చాలు, మిగతా వివరాలన్నీ కొనేవాళ్లే వెతుక్కుంటారు. లూథియర్ (చేత్తో గిటార్లు తయారుచేసే పనివాడు) ఒకరి చేతికి సరిపోయేలా చేసిచ్చిన గిటార్‌కు ఆ వెసులుబాటు లేదు. "ప్రీమియం కస్టమ్ బిల్డ్, టోన్ అదిరిపోతుంది" అని రాస్తే తెలిసినవాళ్లు చదవకుండానే దాటేస్తారు. ఇలాంటి గిటార్‌కు మీరు రాసే కొలతలే మోడల్ నంబర్. అందుకని ధర గురించి ఆలోచించే ముందు ఒక డిజిటల్ కాలిపర్, ఉక్కు స్కేలు, మల్టీమీటర్, లగేజీ తూచే చిన్న కాటా దగ్గర పెట్టుకోండి.

మొదట స్కేల్ లెంగ్త్, అంటే తీగ మోగే పొడవు. నట్ (నెక్ పైకొస దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ) నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) దాకా కొలిస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే ఇంటొనేషన్ కోసం, అంటే నెక్ పొడవునా స్వరం సరిగ్గా పలకడానికి, శాడిల్స్‌ను (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగను మోసే ముక్కలు) కొంచెం వెనక్కి జరిపి ఉంచుతారు. నట్ ముందంచు నుంచి 12వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) మధ్యకు కొలిచి రెట్టింపు చేయాలి. రెట్టింపు చేయకముందు 323.85 మి.మీ. వస్తే అది ఫెండర్ వాడే 25.5 అంగుళాల స్కేల్. 317.5 వస్తే పీఆర్ఎస్ కంపెనీ తరహా 25 అంగుళాలు. 312, 314 మధ్య ఉంటే గిబ్సన్ దారి. తర్వాత నట్ వెడల్పు, బ్రిడ్జ్ దగ్గర రెండు చివరల ఉండే ఇ తీగల మధ్య దూరం, ఫ్రెట్‌బోర్డ్ రేడియస్ (దాని పైతలం వంపు), ఫ్రెట్ వైర్ ఎత్తు, అది నికెల్ సిల్వరో స్టెయిన్‌లెస్ స్టీలో రాయండి. నెక్ మందాన్ని 1వ ఫ్రెట్ దగ్గర ఒకసారి, 12వ ఫ్రెట్ దగ్గర ఒకసారి కొలవండి. "సి షేప్" అనే మాట ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంది. 20 మి.మీ., 23 మి.మీ. అని రాస్తే ఎవరికైనా ఒక్కలాగే అర్థమవుతుంది.

బరువు తప్పకుండా రాయండి. 3.4 కిలోలకు, 4.3 కిలోలకు మధ్య తేడా గంటసేపు నిలబడి వాయించేవాడి భుజానికి బాగా తెలుస్తుంది. తేలికైన బాడీకి బరువైన ట్యూనర్లు (తీగలను శ్రుతి చేసే మరలు) బిగించిన గిటార్లలో నెక్ కిందికి వాలిపోవడం మామూలే. స్ట్రాప్ వేసి చెయ్యి వదిలి చూడండి. వాలితే ఆ మాట కూడా రాయండి, మొదటి రోజే బయటపడే విషయం దాచి లాభం లేదు.

చేతితో చేసిన గిటార్లలో లోపాలు కొన్ని చోట్లే తిరుగుతుంటాయి. కొనేవాడు అడిగేది కూడా వాటి గురించే. అన్నిటికంటే ప్రమాదకరమైనది బ్రిడ్జ్‌ను తప్పు చోట బిగించడం. సన్న ఇ తీగ శాడిల్ స్కేల్ లెంగ్త్ కంటే 1–2 మి.మీ. వెనక, లావు ఇ తీగ శాడిల్ 4–5 మి.మీ. వెనక ఉంటే సరైన చోటున్నట్టే. ఏదైనా శాడిల్ స్క్రూ చివరిదాకా వెళ్లిపోయి, 12వ ఫ్రెట్ దగ్గర స్వరం ఇంకా తేడాగానే ఉంటే బ్రిడ్జ్ విప్పి, రంధ్రాలు పూడ్చి, మళ్లీ డ్రిల్ చేయాలి. సెటప్‌తో సర్దుకునే పని కాదది. రెండోది మధ్యరేఖ. చివరి ఫ్రెట్ల దగ్గర రెండు ఇ తీగలూ బోర్డ్ అంచుల నుంచి సమానంగా, సుమారు 3 మి.మీ. లోపలికి ఉండాలి. ఒక పక్క తక్కువైతే విబ్రాటో వేసినప్పుడు తీగ అంచు దాటి జారిపోతుంది. బోల్ట్-ఆన్ నెక్ అయితే నాలుగు స్క్రూలు కాస్త వదులు చేసి, నెక్‌ను పక్కకు లాగి బిగిస్తే చాలావరకు సర్దుకుంటుంది. జిగురుతో అతికించిన సెట్ నెక్‌కు ఆ అవకాశం లేదు.

రిలీఫ్ (నెక్‌లో ఉండే స్వల్ప వంపు) చూడటానికి 1వ ఫ్రెట్ దగ్గర కేపో (తీగలను నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, నెక్ బాడీని కలిసే చోట తీగను నొక్కి, 7వ ఫ్రెట్ పైన ఉండే సందును కొలవాలి. 0.25 మి.మీ. దగ్గర ఉంటే బాగున్నట్టు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకు) లేకపోతే 10 గేజ్ తీగల సెట్‌లోని సన్న ఇ తీగ ముక్క చాలు, దాని మందం సరిగ్గా అంతే. ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ) బిగింపు నట్‌ను రెండు వైపులా పావు చుట్టు తిప్పి చూసి మళ్లీ యథాస్థానానికి తెండి. బిగింపు చివరిదాకా వెళ్లినా నెక్ ఇంకా వంగే ఉంటే ధర సగానికి సగం పడిపోతుంది, దాచితే గొడవవుతుంది. రాడ్‌కు 4 మి.మీ. అలెన్ కీ పడుతుందో, 5 మి.మీ.దో రాసి, కీ కూడా గిటార్‌తో ఇవ్వండి. ఒక్కో తయారీదారు ఒక్కో సైజు వాడతారు. సరిపోని కీ పెట్టి నట్ అంచులు అరగదీసిన గిటార్లు ఎన్నో తిరుగుతున్నాయి.

ఇక ఫ్రెట్లు. మూడు ఫ్రెట్ల మీద నిలిచే చిన్న ఉక్కు ముక్కను ఒక్కో చోట పెట్టి ఊపితే ఎత్తు పెరిగిన ఫ్రెట్ టక్‌టక్‌మని చెప్పేస్తుంది. 7.25 అంగుళాల రేడియస్ బోర్డ్ మీద యాక్షన్ (ఫ్రెట్ల పైన తీగల ఎత్తు) బాగా దించితే, 12వ ఫ్రెట్ పైన తీగను పక్కకు లాగి బెండ్ చేసినప్పుడు స్వరం మధ్యలోనే చచ్చిపోతుంది. అది తయారీ లోపం కాదు, ఆ వంపు లక్షణం. అందుకే యాక్షన్ అంకె ఒక్కటే రాయకుండా, ఏ రేడియస్ మీద, ఏ గేజ్ తీగలతో అనేది కూడా రాయాలి. వాతావరణం సంగతీ ఉంది. విశాఖలో వానాకాలం నింపాదిగా ఉన్న గిటార్ ఏప్రిల్‌లో హైదరాబాద్ చేరితే ఫ్రెట్‌బోర్డ్ కర్ర ఎండి కుంచించుకుపోతుంది. లోహం కుంచించుకోదు కాబట్టి ఫ్రెట్ కొసలు బయటికి పొడుచుకొచ్చి అరచేతికి గీసుకుంటాయి. ఆకురాయితో కొసలు నునుపు చేస్తే సరిపోతుంది. అమ్మే ముందే ఈ మాట చెబితే, మొదటి వారంలో "గిటార్ పాడైంది" అనే ఫోన్ రాదు.

ఎలక్ట్రానిక్స్ విషయానికొస్తే, పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) రెసిస్టెన్స్ కొలవడానికి గిటార్ విప్పక్కర్లేదు. కేబుల్ గుచ్చి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, రెండో కొస ప్లగ్ మొనకూ ఒంటికీ మల్టీమీటర్ తగిలించండి. వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్) పికప్‌కు సమాంతరంగా ఉంటుంది కాబట్టి అంకె కొంచెం తక్కువగా కనిపిస్తుంది. 500 కిలో ఓమ్‌ల పాట్ ఉన్న చోట 8 కిలో ఓమ్‌ల హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) 7.87గా కనిపిస్తుంది. ప్రతి సెలెక్టర్ స్థానంలోనూ చూసి రాయండి. వింటేజ్ తరహా హంబకర్ 7.5–8.5 మధ్య ఉంటుంది, స్ట్రాట్ సింగిల్ కాయిల్ 6 చుట్టూ తిరుగుతుంది. అంకె పెద్దదైతే పికప్ గొప్పదని కాదు, ఏ తరహాదో తెలుస్తుందంతే. ఈ కొలతలో తేలనిది పాట్‌లు 250వా 500వా, కెపాసిటర్ 0.022 మైక్రోఫారడ్‌దా 0.047దా అన్నది. వెనక మూత విప్పి ఫొటో తీస్తే ఆ ప్రశ్నలు కూడా అయిపోతాయి. తీగలకూ ప్లగ్ ఒంటికీ మధ్య రెసిస్టెన్స్ ఒకటి రెండు ఓమ్‌లు దాటితే గ్రౌండ్ వైర్ చూసుకోవాలి. తీగ ముట్టుకోగానే హమ్ తగ్గుతుందంటే గ్రౌండ్ బాగున్నట్టే. దాన్ని చూసి చాలామంది ఉత్త పుణ్యానికి కంగారు పడతారు.

కర్ర పేరు తెలిస్తేనే రాయండి. టింబర్ డిపోలో మహోగని పేరుతో అమ్మేదంతా మహోగని కాదు. లూథియర్ ఇచ్చిన బిల్లో మెసేజో ఉంటే దాన్ని చూపించండి, లేకపోతే పికప్ గుంటలో కోసిన చోటు ఫొటో పెట్టండి, తెలిసినవాళ్లే గుర్తుపడతారు. రోజ్‌వుడ్ జాతులన్నిటినీ 2017 జనవరి నుంచి సైటిస్ (అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం రెండో అనుబంధం కిందికి తెచ్చారు, అయితే పూర్తిగా తయారైన వాద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు ఉంది. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం లేదు, అది 1992 నుంచి మొదటి అనుబంధంలోనే ఉంది. డాలస్‌లో ఉన్న మిత్రుడికి పంపాలనుకుంటే, అక్రమ కర్ర వ్యాపారాన్ని అడ్డుకునే అమెరికా లేసీ చట్టం కింద కర్రల శాస్త్రీయ నామాలు సిద్ధంగా ఉంచుకోవడం మంచిది. అమెరికాలో 2011లో గిబ్సన్ కర్మాగారాల మీద సోదాలు జరిగింది మన దేశం నుంచి వెళ్లిన రోజ్‌వుడ్, ఎబోనీ గురించే. ఎర్రచందనంతో ఫింగర్‌బోర్డ్ చేయించిన ముచ్చటైన గిటార్ ఉంటే, కర్ర అటవీశాఖ వేలంలో కొన్నదని చూపే కాగితాలు లేకుండా అమ్మకానికి పెట్టకండి. జపాన్‌లో షామిసెన్ అనే తీగవాద్యం నెక్‌లకు ఎర్రచందనమే ఘనమైన కర్ర, మన దగ్గర మాత్రం దాంతో చిక్కులే ఎక్కువ.

హెడ్‌స్టాక్ (ట్యూనర్లుండే నెక్ పైకొస) మీద ఫెండర్ స్టిక్కర్ అంటించి ఉంటే ముందు దాన్ని తీసేయండి. స్ట్రాట్ బాడీ ఆకారాన్ని ట్రేడ్‌మార్క్ చేసుకోవాలని ఫెండర్ చేసిన ప్రయత్నాన్ని 2009లో అమెరికా ట్రేడ్‌మార్క్ బోర్డు తోసిపుచ్చింది కానీ, పేరుకూ హెడ్‌స్టాక్ ఆకారానికీ వాళ్ల హక్కు అలాగే ఉంది. స్టిక్కర్ ఉన్న గిటార్‌ను అమ్మితే దాన్ని నకిలీ అనే అంటారు, లూథియర్ ఎంత గొప్పవాడైనా సరే.

ధర దగ్గర గుండె రాయి చేసుకోవాలి. చేయించడానికి అయిన ఖర్చు వెనక్కి రాదు. నా లెక్క ఇలా ఉంటుంది. పికప్‌లు, బ్రిడ్జ్, ట్యూనర్లు విడిగా సెకండ్‌హ్యాండ్‌లో ఎంతకు పోతాయో కూడితే అది అడుగు ధర. ఉదాహరణకు పికప్‌ల జత 9 వేలు, బ్రిడ్జ్ 5 వేలు, ట్యూనర్లు 3 వేలు అనుకుంటే 17 వేలు. దాని మీద బాడీ, నెక్, పనితనం కలిపి ఎంత అడగొచ్చో ఆ లూథియర్ పేరును బట్టి ఉంటుంది. అతని దగ్గర కొత్తదానికి ఆరేడు నెలలు ఆగాల్సి వస్తుంటే మీ గిటార్‌కు గిరాకీ ఉన్నట్టే. ఎడమచేతి వాటం, ఏడు తీగలు, ఏటవాలు ఫ్రెట్లు లాంటివి ఉంటే కొనేవాళ్లు పదింట ఒకరే, ఓపిక పట్టాలి. ఫ్రెట్‌బోర్డ్ మీద మీ పేరు ఇన్‌లే చేయించి (పొదిగించి) ఉంటే, ధర మీరు అనుకున్నదానికంటే ఇంకా కిందికి దిగుతుంది.

ఫొటోలు నీడపట్టున, పగటి వెలుతురులో తీయండి. నెక్ వెనక, నట్ పక్కనుంచి, ఫ్రెట్ కొసలు, దెబ్బలు తగిలిన ప్రతి చోటు కనిపించాలి. నైట్రో (నైట్రోసెల్యులోజ్ లక్కర్) ఫినిష్ అయితే స్టాండ్ రబ్బరు తగిలే చోట ప్రత్యేకంగా చూడండి, రబ్బరు నైట్రోను మెత్తబరిచి మచ్చ వదులుతుంది. వీడియోలో ముందు ఆంప్ లేకుండా ఒక్కో తీగ మీద 1వ ఫ్రెట్ నుంచి చివరిదాకా వాయించండి, బజ్ ఎక్కడుందో అప్పుడే వినిపిస్తుంది. తర్వాత క్లీన్ ధ్వనిలో ప్రతి పికప్ స్థానం. రివర్బ్ వద్దు.

డబ్బు విషయంలో స్క్రీన్‌షాట్‌ను నమ్మకండి, బ్యాంకు ఖాతాలో చూసుకున్నాకే పార్సెల్. డబ్బు రావడానికి మీరు యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు.

కొరియర్ ఖర్చు ముందే లెక్కేసి చెప్పండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెం.మీ.లలో గుణించి 5000తో భాగించి, పెట్టె పరిమాణాన్ని బట్టి బరువు కట్టే పద్ధతిలో, హార్డ్ కేస్‌కు బయట అట్టపెట్టె వేస్తే 115×50×20కి 23 కిలోలు తేలుతుంది, అసలు బరువు 9–10 కిలోలే అయినా. తీగలను ఒకటి రెండు స్వరాలు దించండి, పూర్తిగా వదులు చేయక్కర్లేదు. ట్రెమొలో కడ్డీ తీసేయండి. యాక్టివ్ పికప్‌లు ఉంటే 9 వోల్టుల బ్యాటరీ కూడా. గిబ్సన్ తరహాలో వెనక్కి వంగిన హెడ్‌స్టాక్ విరిగేది నట్ వెనకే. కేస్ పడినప్పుడు నెక్ కింద ఆధారం లేకపోతే హెడ్‌స్టాక్ కొరడాలా ఊగి అక్కడ తెగుతుంది. అందుకని నెక్ పొడవునా మెత్తటి బట్ట చుట్టలు పెట్టి, హెడ్‌స్టాక్ కొస మాత్రం కేస్‌కు ఎక్కడా తగలకుండా ఖాళీ వదలండి. ప్యాకింగ్ అంతా వీడియో తీసి ఉంచుకోండి, అవతల విప్పేటప్పుడు కూడా తీయమని చెప్పండి. పెట్టె లోపల కొలతల కాగితం, అలెన్ కీలు, మిగిలిన స్క్రూలు ఒక కవర్‌లో పెట్టి కేస్ లోపలి అరకు టేపుతో అంటించండి. విడిగా వదిలేస్తే దారి పొడవునా ఫినిష్ మీదే దొర్లుతుంటాయి.