నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకున్న కథ (తెలుగు మీడియం వాళ్లకోసం)

నేను ఓయూలో ఎంఏ తెలుగు. ఫైనల్ ఇయర్‌లో ఉండగానే నెట్‌కి (అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి, పీహెచ్‌డీకి అర్హత పరీక్ష; మంచి మార్కులొస్తే జేఆర్ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేస్తూ నెలనెలా తీసుకునే ఫెలోషిప్) అప్లై చేయొచ్చని సీనియర్ అక్క చెప్తే సరే అని కట్టేశా. మన సబ్జెక్టే కదా, నన్నయ నుంచి దిగంబర కవుల దాకా చదివినోళ్లం, భయమేముంది అనుకున్నా.

దెబ్బంతా పేపర్ 1 దగ్గర పడింది, అది ఏ సబ్జెక్టు వాళ్లకైనా ఒకటే పేపర్. పేపర్ 2 తెలుగులోనే వస్తుంది, 100 ప్రశ్నలు, 200 మార్కులు. పేపర్ 1 మాత్రం 50 ప్రశ్నలు, ఇంగ్లీషు లేదా హిందీ. రెండూ కలిపి ఒకే 3 గంటలు, మధ్యలో గ్యాప్ ఉండదు. మొదటిసారి నేను ఆ ఇంగ్లీష్ ప్యాసేజ్ దగ్గరే నాలుగుసార్లు చదువుకుంటూ కూర్చున్నా, టేబుల్ ఇచ్చి పర్సెంటేజీలు అడిగితే చెమటలు పట్టాయి. ఆ సారి పీహెచ్‌డీ అడ్మిషన్‌కి మాత్రమే పనికొచ్చే కేటగిరీ వరకే వచ్చింది, జేఆర్ఎఫ్ రాలేదు.

అప్పుడు మా రూమ్మేట్‌తో ఒక ఒప్పందం. తను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, గ్రూప్-2కి ప్రిపేర్ అవుతోంది. రోజూ రాత్రి మెస్‌లో తిని వచ్చాక తను నాకు పాత పేపర్ నుంచి ఒక టేబుల్ చేయిస్తుంది, నేను తనకి నాలుగో పేపర్ కోసం తెలంగాణ ఉద్యమం చెప్తా. కోచింగ్‌కి డబ్బుల్లేవు మరి. ఎవరు ఎవరికి ఎక్కువ చెప్పారో ఇప్పటికీ తేలలేదు 😄

నవ్వొచ్చేదేంటంటే పేపర్ 1లో ఇండియన్ లాజిక్ అని ఉంటుంది, ఏదైనా మనకి ఎలా తెలుస్తుందో చెప్పే ప్రమాణాలు: ప్రత్యక్షం, అనుమానం (సందేహం కాదు, గుర్తుని బట్టి తేల్చుకోవడం), ఉపమానం, శబ్దం... కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది, ఆ టైపు. అలంకారశాస్త్రం క్లాసులో సార్ ఇదే చెప్తుంటే వెనక బెంచీలో కునుకు తీసినదాన్ని, తీరా చూస్తే ఇంగ్లీష్ మీడియం వాళ్లు బట్టీ పట్టే చోట నాకు మార్కులు చేతికి వచ్చాయి.

ఒక్క జాగ్రత్త. ఓబీసీ వాళ్లు మీసేవలో తీసుకునే మామూలు బీసీ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకండి, సెంట్రల్ ఫార్మాట్‌లో నాన్ క్రీమీ లేయర్‌ది (బాగా ఉన్నోళ్ల కోవలోకి రామని చూపేది) వేరేగా కావాలి. నేను మొదట తప్పుదే తీసుకొచ్చా, మళ్లీ ఊరికెళ్లి ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగా. నాన్న ఒకరోజు కూలి పోగొట్టుకున్నాడు.

నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఏదీ వదలకండి. రెండోసారి నేను పేపర్ 2 ముందు చేసి, మిగతా టైమంతా పేపర్ 1కి పెట్టా. జేఆర్ఎఫ్ వచ్చింది. నెలకి 37,000 అని ఊళ్లో అప్పుడే చాటింపైపోయింది, కానీ పీహెచ్‌డీలో చేరాకే కదా డబ్బులు, నేనింకా గైడ్ కోసం తిరుగుతున్నా. అమ్మ మాత్రం జీతం ఎప్పుడు పడుద్ది అని రోజూ ఫోన్ చేస్తోంది.