సిమెంటు చుట్టింట్లో ఒక రాత్రి

"ఇదేట్రా, మన చుట్టిల్లు నాగుంది!"

కారు ఇంకా ఆగలేదు, అమ్మ అద్దం దించేసి అన్న మాట ఇది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నుంచి పేసన్ మీదుగా ఘాటు ఎక్కి, పైన్ అడవులు దాటి, హీబర్ తర్వాత చెట్టన్నదే కనబడని మైదానంలోకి దిగి హాల్‌బ్రూక్ చేరేసరికి మూడున్నర గంటలు పట్టింది. దారంతా కునుకు తీస్తూ వచ్చిన మనిషి, ఆ తెల్లటి శంకువుల వరస చూడగానే నిటారుగా కూర్చుంది.

నిజానికి ఈ విగ్వామ్ మోటెల్‌లో దిగుదామన్నది మావాడి పట్టు. ఏదో కార్ల కార్టూన్ సినిమాలో ఇలాంటి గదులే చూశాడు. నాకేమో మర్నాడు రాతిచెట్ల అడవి, అదే పెట్రిఫైడ్ ఫారెస్ట్, చూడ్డానికి దగ్గరని లెక్క. అమ్మకి ఇలా కలిసొస్తుందని ఎవరం అనుకోలేదు.

మొత్తం 15 గదులు, మూడు వైపులా బారుగా. నంబర్లు మాత్రం 16 దాకా ఉంటాయి, ఎందుకంటే పదమూడు లేదు. ఒక్కో గదీ ఒక్కో సిమెంటు గుడారం. తెల్ల సున్నం మీద ఎర్ర వంకర గీత. ముందు ఎప్పటివో పాత కార్లు, కొన్ని నేను పుట్టకముందువి, ఇప్పుడే ఎవరో ఆపి లోపలికి వెళ్లినట్టు నిలబెట్టి ఉంచారు. ఆకుపచ్చ ఇనప బెంచీల మీద "విగ్వామ్ విలేజ్ నంబర్ 6" అని చెక్కి ఉంది. అంటే ఇంకో అయిదు ఉండాలిగా అని మావాడు అడిగాడు. మొత్తం ఏడు ఉండేవి. ఇప్పుడు నిలిచినవి మూడే: ఇదొకటి, కెంటకీలో కేవ్ సిటీ దగ్గరొకటి, కాలిఫోర్నియాలో శాన్ బెర్నార్డినో దగ్గరొకటి. ఆ మూడోదాన్ని బాగుచేయించి నిలబెట్టింది ఒక పటేళ్ల కుటుంబం. అమెరికాలో మోటెల్ కథ ఎటు తిప్పినా ఎక్కడో ఒకచోట గుజరాతీల గుమ్మం ముందుకి వస్తుంది.

ఈ నమూనా కెంటకీకి చెందిన ఫ్రాంక్ రెడ్‌ఫోర్డ్‌ది. 1938లో కేవ్ సిటీ మీదుగా వెళ్తూ అక్కడిదాన్ని చూసి ముచ్చటపడ్డవాడు చెస్టర్ లూయిస్. నమూనా, పేరు వాడుకునే హక్కు తీసుకుని 1950లో ఇక్కడ కట్టాడు. హక్కుకి కట్టిన వెల వింటే నవ్వొస్తుంది. గదుల్లో నాణెం వేస్తే మోగే రేడియోలు పెట్టారు. పది సెంట్ల నాణేనికి అరగంట పాట. ఆ నాణేలన్నీ రెడ్‌ఫోర్డ్‌కి పంపాలి, అదే రాయల్టీ! వానపడి బయటికి కదల్లేని రోజుల్లో ఆయన పంట పండి ఉంటుందని మా ఆవిడ అంది.

పేరు దగ్గర మాత్రం నాకు చిరాకే. విగ్వామ్ అంటే గుమ్మటంలా గుండ్రంగా ఉండే గుడిసె. ఈ ఆకారం విగ్వామ్ కాదు, టీపీ. మైదాన ప్రాంతపు తెగలు తోళ్లు కప్పి వేసుకునే గుడారం. రెడ్‌ఫోర్డ్‌కి ఆ మాట నచ్చక విగ్వామ్ అన్నాడట. ఈ చుట్టుపక్కల నేలేమో నవాహో, హోపీ తెగలది. నవాహోలవి హోగన్లనే కర్ర, మట్టి ఇళ్లు, హోపీలవి రాతి మిద్దెలు. మోటెల్ ఉన్న వీధి పేరు హోపీ డ్రైవ్. హోపీలెవరూ కట్టుకోని ఇల్లు హోపీల పేరున్న వీధిలో! ఎవరిల్లు ఎవరిదో పట్టించుకోకుండా బొమ్మలా వాడేసుకున్నారు. ఆ సంగతి తెలిసి కూడా గది చూసి నేనూ మురిసిపోయాను, అది వేరే విషయం.

లోపల గోడలు పైకి పోనుపోను దగ్గరికొస్తాయి. లేచి నిలబడేటప్పుడు తల చూసుకోవాలి. హికరీ కర్ర మంచాలూ బల్లా మొదట్నుంచీ ఉన్నవే. ఫోను లేదు.

66వ నంబరు రోడ్డు ఊరి మధ్యనుంచి పోయినన్నాళ్లూ గదులకి కొదవలేని గిరాకీ. ఊరి పక్కనుంచి 40వ నంబరు ఇంటర్‌స్టేట్ హైవే పడ్డాక కార్లు అటే పోయాయి. లూయిస్ 1974లో మోటెల్ మూసేశాడు. 1986లో ఆయన పోయాడు. పిల్లలు గదులు బాగుచేయించి 1988లో మళ్లీ తెరిచారు. 2002లో చారిత్రక స్థలాల జాతీయ జాబితాకి ఎక్కింది. ఆఫీసు గదిలో ఆయన పోగుచేసిన రాతిచెట్ల ముక్కలూ, పాత సామానూ అద్దాల వెనక పెట్టారు. గదులకి మాత్రం అద్దాలు బిగించలేదు. రోజూ జనం పడుకుంటున్నారు, స్నానాలు చేస్తున్నారు, దుప్పట్లు ఉతుకుతున్నారు. నా మటుకు నాకు కాపాడ్డమంటే ఇదే అనిపించింది.

రాత్రి దగ్గర్లోని పట్టాల మీద గూడ్సు బళ్లు పోతూనే ఉన్నాయి. నాకు నిద్ర లేదు. ఆముదాలవలసలో పడుకున్నట్టుందని అమ్మ హాయిగా పడుకుంది.

మా చుట్టిల్లు నేను ఇంజినీరింగ్ రెండో ఏడులో ఉండగా పీకేసి శ్లాబు వేయించాం. మట్టిగోడ గుండ్రంగా, తాటాకు కప్పు నేలకి జానెడెత్తు దాకా దిగి ఉండేది. తుపాను గాలి దాన్ని చుట్టుకుని పోయేదే తప్ప పట్టుకోడానికి అంచు దొరికేది కాదు. పీకిన రోజు ఇంట్లో ఎవరం బాధపడలేదు. ఎలుకలూ, పాములూ, మాటిమాటికీ ఆకు కప్పించే ఖర్చూ తప్పాయని సంబరపడ్డాం. ఇప్పుడు ఆ చుట్టింటి ఆకారంలో ఉన్న సిమెంటు గదికి డాలర్లిచ్చి పడుకున్నాను.

పొద్దున్న తాళం ఇచ్చి వచ్చేసరికి అమ్మ ఆకుపచ్చ బెంచీ మీద కూర్చుని, మనవడికి ఏదో చెబుతోంది.

"నానమ్మా, మీ ఊళ్లో ఇలాంటివి ఇప్పుడెన్ని ఉన్నాయి?" అడిగాడు వాడు.

అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. రెండో వేలు దగ్గర ఆగిపోయింది.

"రెండు. రెండోదాన్లో మనుషులు లేరురా బాబూ. గేదెల్ని కడతన్నారు."