ఒక పాప, రెండు కొలతలు

ఈరోజు సాయంత్రమంతా ఒక్క ఎక్స్-రే ముందే గడిచింది. పన్నెండేళ్ల పాప. పై పళ్లు ఒకదాని మీదకి ఒకటి ఎక్కి ఉన్నాయి, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. వాళ్లమ్మ వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, “దవడలోనే తేడా ఉందా డాక్టర్‌గారూ, పళ్ల వరకేనా?” అని అడిగింది. రేపు చెబుతానన్నాను.

ఎక్స్-రే మీద దవడల కోణాలు కొలవడం కంప్యూటర్లో అయితే ఐదు నిమిషాల పని. కానీ చేత్తో గీస్తేనే నాకు ఆ ముఖం అర్థమవుతుంది. పుర్రె అడుగు గీతతో పై దవడ చేసే కోణం ఎస్ఎన్ఏ 88, కింది దవడ చేసే కోణం ఎస్ఎన్‌బీ 83 వచ్చాయి. తేడా, అంటే ఏఎన్‌బీ, 5 డిగ్రీలు. 1953లో స్టైనర్ ఇచ్చిన లెక్క ప్రకారం ఇవి 82, 80, 2 దగ్గర ఉండాలి. ఈ 5 చూస్తే పై దవడ ముందుకొచ్చిన కేసు, క్లాస్ టూ అని రాసేయొచ్చు. పెన్ను తీశాను కూడా.

కానీ పాప ముఖం పక్క నుంచి చూస్తే అలా లేదు. పైగా రెండు దవడలూ ఒకేసారి ముందుకు ఉన్నట్టు చూపించడం ఏమిటి? అప్పుడు నేషియన్ వైపు చూశాను. ఈ కోణం శిఖరం దవడల్లో లేదు, పైన ముక్కు మొదట్లో, ఆ నేషియన్ అనే బిందువు దగ్గర ఉంది. అది కాస్త వెనక్కి ఉంటే చాలు, దవడలు కదలకపోయినా ఏఎన్‌బీ పెరుగుతుంది. దగ్గరున్న ఎ పాయింట్ (పై దవడ ముందు బిందువు) కోణం ఎక్కువ మారుతుంది, కింద దూరంగా ఉన్న బి పాయింట్ (కింది దవడ ముందు బిందువు) కోణం తక్కువ. పాపకి పుర్రె ముందుభాగం పొట్టిగా ఉంది, అంతే.

అందుకే విట్స్ కొలిచాను. జేకబ్సన్ 1975లో రాసిన పద్ధతి. పళ్లు కలిసే గీత మీదకి ఎ, బి పాయింట్ల నుంచి లంబాలు దించి, వాటి మధ్య దూరం మిల్లీమీటర్లలో చూడటం. నేషియన్‌తో పనే లేదు. ఆ గీత ముందు పళ్ల మీదుగా కాకుండా దవడ పళ్లు, ప్రీమోలార్లు కలిసే చోట గీయాలి. ఇక్కడే నాకెప్పుడూ టెన్షన్. మొదటిసారి గీత కొంచెం వాలింది, రెండు మిల్లీమీటర్లు మారిపోయింది. మళ్లీ మూడుసార్లు గీశాను. మూడుసార్లూ దాదాపు సున్నా. పెద్దవాళ్లలో ఆడవాళ్ల సగటూ అదే.

క్లాస్ టూ అని రాసి ఉంటే, అక్కర్లేకుండా పై దవడని వెనక్కి ఆపే ప్లాన్ వేసేదాన్ని. ఎదిగే పాప. ఆ ఆలోచనకే చేతులు చల్లబడ్డాయి.

చార్ట్‌లో రెండు కొలతలూ రాసి, పక్కన “దవడలు సరిగానే ఉన్నాయి, పళ్లకి చోటు చాలట్లేదు” అని రాశాను. రేపు వాళ్లమ్మకి ముందు ఈ మాటే చెబుతాను.