ఫిల్టర్ తప్పేమీ లేదు

పొద్దున్న ఏడున్నరకి షట్టర్ ఎత్తేసరికి గ్యారేజీ ముందు తెల్ల వ్యాను ఒకటి ఆగి ఉంది. డ్రైవర్ సీట్లో కుర్రాడు జాకెట్‌ని దుప్పటిలా కప్పుకుని నిద్రపోతున్నాడు. అద్దం మీద తడితే ఉలిక్కిపడి లేచి, "అన్నా, మీరు తెలుగువాళ్లంట కదా" అన్నాడు. బర్మింగ్‌హామ్‌లో ఎవరైనా ఆ మాటతో మొదలుపెడితే నాకు రెండు సంగతులు ముందే తెలిసిపోతాయి. బండికి వచ్చింది పెద్ద జబ్బు, జేబులో ఉన్నది చిన్న నోటు.

అతనిది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. భార్య ఇక్కడ కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. ఆమె వీసా మీద వచ్చి, అప్పు చేసి సెకండ్‌హ్యాండ్ వ్యాను కొనుక్కుని పార్సిళ్లు వేస్తున్నాడు. రోజుకు వందకు పైగా ఇళ్లు. పొగలో మసిని పట్టే ఫిల్టర్ లైటు, అదే డీపీఎఫ్ లైటు, వెలిగి పది రోజులైందట. "పసుపు లైటే కదన్నా, ఎర్రదైతే ఆపుదామనుకున్నా." ముందురోజు సాయంత్రం బండి లింప్ మోడ్‌లోకి, అంటే ఇంజిన్ తనను కాపాడుకోవడానికి బలం తగ్గించుకునే స్థితిలోకి వెళ్లిపోయింది. ఎంత తొక్కినా లాగట్లేదు.

అతన్ని ఏమంటాం? నేను మాత్రం పుట్టుకతో నేర్చుకొచ్చానా? విజయవాడ ఆటోనగర్‌లో పదకొండేళ్లు డీజిల్ బళ్లు చేశాను. అక్కడ సైలెన్సర్‌లో వేలు పెడితే నల్లగా వచ్చేది. పొగ రంగు చూసి, చప్పుడు విని రోగం చెప్పేవాళ్లం. ఇక్కడికొచ్చిన మొదటి వారం ఒక ఫోర్డ్ ట్రాన్సిట్ వ్యాను పొగ గొట్టంలో వేలు పెట్టి తీస్తే శుభ్రంగా ఉంది. ఇంత పాత బండికి ఇదేం విచిత్రం అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఫిల్టర్ ఉన్న బండికి అలాగే ఉండాలి, మసి అంటితేనే అనుమానించాలి. లోపల ఫిల్టర్ పగిలిందో, ఎవరో తీసేశారో అన్నమాట.

డీపీఎఫ్ అంటే పొగ గొట్టం దారిలో కూర్చునే పింగాణీలాంటి జల్లెడ. మసిని పట్టి ఉంచుతుంది. నిండుతున్నకొద్దీ ఇంజిన్ కంప్యూటర్ కాస్త ఎక్కువ డీజిల్ పోయించి, లోపలి వేడిని ఆరువందల డిగ్రీల దాకా తీసుకెళ్లి ఆ మసిని కాల్చేస్తుంది. దీన్నే మేం రీజెన్ అంటాం. పదీ ఇరవై నిమిషాలు బండి ఆగకుండా నడవాలి. పార్సిల్ బండికి ఆ పది నిమిషాలు ఎక్కడివి? రెండు నిమిషాలకోసారి ఇంజిన్ ఆపి, పరిగెత్తి, గంట కొట్టి, ఫొటో తీసి, మళ్లీ స్టార్ట్ చేయాలి. ఐడిల్ కొంచెం పెరిగిందంటే, దిగేటప్పుడు వేడి వాసన వచ్చి, తాళం తీశాక కూడా ఫ్యాన్ తిరుగుతోందంటే రీజెన్ మధ్యలో ఆపేశామని అర్థం. డ్రైవర్లకు ఈ సంగతి చెప్పేవాళ్లు ఉండరు. సగంలో ఆగిన ప్రతిసారీ కాలని డీజిల్ కొంత పిస్టన్ పక్కనుంచి జారి ఇంజనాయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ తగ్గితే భయపడేవాళ్లం మనం. ఈ బళ్లలో డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగినా భయపడాలి.

స్కానర్ పెడితే పీ2463 అని వచ్చింది. మసి ఎక్కువైందని. బయట ఖాళీ జాగాలో బండి పెట్టి, మిషన్‌తో బలవంతంగా రీజెన్ చేయించాను. ఇంజిన్ వేడెక్కడానికే చాలాసేపు పట్టింది. చలికాలం కదా అనుకుని ఊరుకున్నాను. మసి కాలింది, లైటు ఆరింది. కుర్రాడు చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పి వెళ్లాడు.

పదిహేను రోజుల్లో మళ్లీ అదే వ్యాను, అదే లైటు. మా ఓనర్ పంజాబీ పెద్దాయన. ఏమీ అనలేదు, బిల్లు పుస్తకం మూసి పక్కన పెట్టాడంతే. ఈసారి ఉచితం అని అర్థం. సిగ్గేసింది.

ఈసారి పక్క సీట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఎం6 మోటార్‌వే మీదకు తీసుకెళ్లాను. ఇరవై నిమిషాలు నడిపినా కూలెంట్ అరవై అయిదు డిగ్రీలు దాటలేదు. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనీకుండా మూసి ఉంచాల్సిన థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయింది. ఇంజిన్ తగినంత వేడెక్కకపోతే కంప్యూటర్ తనంతట తాను రీజెన్ మొదలుపెట్టదు. దానికి వేరే కోడ్ కూడా రాలేదు. మొదటిరోజే బండి నాకు చెప్పింది, నేనే చలికాలం మీదకు నెట్టేశాను. థర్మోస్టాట్ మార్చి, డీజిల్ కలిసిన ఆయిల్ తీసేసి, తక్కువ బూడిదొచ్చే సరైన ఆయిల్ పోశాను. ఈ ఆయిల్ దగ్గర చాలామంది కక్కుర్తి పడతారు. పొయ్యిలో కట్టె కాలుతుంది గానీ బూడిద కాలదు కదా, ఎత్తి పోయాల్సిందే. ఫిల్టర్‌లోనూ అంతే. మసిని రీజెన్ కాలుస్తుంది, ఆయిల్ నుంచి వచ్చిన బూడిద మాత్రం అక్కడే పేరుకుంటుంది. దానికి ఫిల్టర్ విప్పి కడిగించాలి, లేదా కొత్తది వేయాలి. కొత్తదంటే చాలా వ్యాన్లకు వెయ్యి పౌండ్ల పైమాటే.

అప్పటినుంచి లైటు ఆర్పే పని చివర్లోనే పెట్టుకుంటాను. ముందు ఇంజిన్ ఆపి, కీ మాత్రం ఆన్ చేసి ఫిల్టర్‌కు అటూ ఇటూ ప్రెషర్ తేడా చూస్తాను. సున్నా ఉండాలి. లేకపోతే సెన్సరే అబద్ధం చెబుతోందన్నమాట. తర్వాత ఐడిల్‌లో, ఆపైన రేస్ చేసి. ఆ తర్వాతే పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్, ఇంజెక్టర్లు, టర్బో గాలి పైపులు. మసి ఎక్కువ తయారవుతుంటే ఆ తప్పు వీటిలోనే ఎక్కడో ఉంటుంది.

ఆ కుర్రాడు కూడా రెండోసారి వచ్చినప్పుడు గొంతు తగ్గించి అడిగాడు, "అన్నా, లోపలిది తీసేస్తే పోదా? ఎవరో చేస్తారంట." చేస్తారు, నిజమే. కానీ 2014 ఫిబ్రవరి నుంచి ఇక్కడ ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో ఫిల్టర్ ఉందో లేదో చూస్తున్నారు. 2018 మే నుంచి ఫిల్టర్ బండికి ఏ రంగు పొగ కనబడినా ఫెయిలే. తీసేసి రోడ్డెక్కితే వ్యానుకు 2,500 పౌండ్ల దాకా జరిమానా. ఇదంతా చెప్పాను. అతను లెక్క వేసుకుంటున్నాడని మొహం చూస్తే తెలుస్తోంది. ఒకరోజు బండి ఆగితే ఆరోజు కూలి లేదు, ఈఎంఐ మాత్రం ఉంది. అలాంటివాడికి చట్టం చెప్పడం నాకు ఎప్పుడూ కొంచెం ఇబ్బందే. వారానికోసారి డ్యూటీ అయ్యాక ట్యాంకులో పావు కంటే ఎక్కువ డీజిల్ ఉంచుకుని మోటార్‌వే మీద అరగంట తిరగమన్నాను. "ఆ అరగంటకి డీజిల్ ఎవరిస్తారన్నా" అని నవ్వాడు. అయినా తిరుగుతున్నాడు. ఆ తర్వాత సర్వీసుకే వచ్చాడు.

మన దగ్గర 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఈ తలనొప్పి ఆటోనగర్‌కూ చేరింది. మొన్న పొద్దున్న అయిదున్నరకి, వాళ్లకు పదకొండు గంటలప్పుడు, మా బావమరిది ఫోన్ చేశాడు. కొత్త గూడ్స్ బండి, ఇంజిన్ లైటు.

"కీ ఆన్ చేసి ఫిల్టర్ ప్రెషర్ రీడింగ్ చెప్పరా."

"సున్నా బావా."

"స్టార్ట్ చేసి రేస్ చెయ్."

"చేశా. అయినా సున్నానే. అంటే ఫిల్టర్ క్లీన్‌గా ఉన్నట్టేగా?"

"అంత క్లీన్‌గా ఏ ఫిల్టరూ ఉండదు. కిందకి దూరి సెన్సర్ పైపులు చూడు."

టీ పెట్టుకునేలోపు వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. రబ్బరు పైపు సగం తెగి వేలాడుతోంది, చివర్న పంటి గాట్లు. కింద ఒకే మాట: "ఎలుక."