కానుగ నీడ

ఈ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు హైదరాబాదు కేబీఆర్ పార్కు వెలుపలి నడకదారిలో నడిచాను. మే నెల ఎండ. లోపలి కొమ్మలు దారి మీదికి వంగిన చోట ప్రాణం లేచి వచ్చింది. రోడ్డు దాటి అద్దాల భవనాల వైపు వెళ్ళగానే కింద తారు, పక్కన గాజు, రెంటి నుంచీ సెగ కొట్టింది. మధ్యలో ఉన్నది ఒక్క రోడ్డే!

చెట్టు ఇచ్చేది నీడ ఒక్కటే కాదు. వేళ్ళతో తాగిన నీటిని ఆకుల గుండా ఆవిరిగా వదులుతూ చుట్టూ గాలిని చల్లబరుస్తుంది. కాంక్రీటు పగలంతా దాచుకున్న వేడిని రాత్రి మన గదుల్లోకి వదులుతుంది. అర్ధరాత్రి దాటినా మా అమ్మకు నిద్ర పట్టడం లేదు.

మా వీధి మొదట్లోని కానుగను కిందటేడు కాలువ పని కోసం కొట్టేశారు. దాని కింద ఇస్త్రీ బండి పెట్టుకునే పెద్దాయన ఇప్పుడు టార్పాలిన్ కట్టుకుని, బొగ్గుల పెట్టె పట్టుకుని నిలబడుతున్నాడు. బదులుగా ఊరి చివర మొక్కలు నాటారట. ఆయనకు వాటి నీడ ఎలా అందుతుంది? పచ్చదనం ఎన్ని ఎకరాలన్నది ఒక లెక్క, ఎవరి నెత్తిన నీడ పడుతోందన్నది అసలు లెక్క.

ఉన్న చెట్లకేమో మొదలు దాకా సిమెంటు పోస్తున్నాం. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది.

ఆదివారం కాలనీ సమావేశంలో అడుగుతాను: బస్టాపు దగ్గర రెండు వేపలు, ఇస్త్రీ బండి చోట మళ్ళీ కానుగ. గుంత నేనే తవ్వుతాను. మొదటి రెండు వేసవులూ నీళ్ళు పోసే పూచీ మా ఇంటిది.