బిల్డింగ్‌లో దాక్కున్న బిల్లు

కావలి ఇంట్లో పాత లాప్‌టాప్ మీద డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ నడుస్తోంది. మా బావకు కూడా అందులోనే ఒక అకౌంట్. అల్లూరు దగ్గర ఆయన రొయ్యల గుంటలకు సంబంధించిన మేత బిల్లులను సీవ్ (వచ్చిన మెయిళ్లను వడగట్టే చిన్న భాష) రూల్‌తో ‘మేత’ ఫోల్డర్‌లోకి తోయడమే ఈ వారం పని. షరతులు మూడు: మెయిల్ డీలర్ డొమైన్ నుంచి రావాలి, సబ్జెక్టులో ఇన్‌వాయిస్ అనో బిల్లు అనో ఉండాలి, ‘రిమైండర్’ అని మాత్రం ఉండకూడదు. రిమైండర్లు ఇన్‌బాక్స్‌లో కళ్లెదుటే ఉండాలని బావ పట్టు.

శనివారం రాత్రి నిద్రమత్తులో ఆల్‌ఆఫ్ (అన్ని షరతులూ నిజం కావాలి) రాయాల్సిన చోట ఎనీఆఫ్ రాశాను. పొద్దున్నే బావ ఫోన్.

"ఏంది బామ్మర్దీ, ఇన్‌బాక్స్‌లో కొత్త మెయిల్ ఒక్కటీ లేదే?"

చూస్తే బ్యాంకు స్టేట్‌మెంటుతో సహా రాత్రి వచ్చినవన్నీ మేతలో! ఎనీఆఫ్‌కు ఒక్క షరతు నిజమైతే చాలు. ‘రిమైండర్ లేదు’ అన్నది దాదాపు ప్రతి మెయిల్‌కీ నిజమే కదా. ఇలా ‘లేదు’ అనే నాట్ షరతును ఎనీఆఫ్‌లో వేయడమంటే గుంట తూము తీసిపెట్టి పడుకోవడమే.

ఆదివారం బయట ఆల్‌ఆఫ్ పెట్టి, షరతుల మధ్య కామాలు సరిచేశాను. సబ్జెక్టులో రెండు మాటల్లో ఏదో ఒకటి వెతకడానికి లోపల ఎనీఆఫ్ అక్కర్లేదు. చదరపు బ్రాకెట్లలో రెండూ రాస్తే చాలు. కానీ డీలర్ గుమస్తా ఒక్కోసారి సబ్జెక్టు ఖాళీగా వదిలేసి పీడీఎఫ్ మాత్రం అంటిస్తాడు. పీడీఎఫ్ ఉంటే మెయిల్ సైజు పెరుగుతుంది. అందుకని సబ్జెక్టు పరీక్షనూ, ‘సైజు 50 కిలోబైట్లు దాటితే’ అన్న పరీక్షనూ కలిపి లోపల ఎనీఆఫ్ పెట్టక తప్పలేదు.

తెలుగు సబ్జెక్టులతో ఇంకో తమాషా. రూల్ ఫైలును యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ దాచే పద్ధతి) సేవ్ చేస్తే సీవ్ తెలుగు మాటలనూ పోలుస్తుంది. ‘బిల్’ అని రాస్తే ‘బిల్లు’ కూడా దొరికిందని మురిసిపోయాను. బ, గుడి, ల, పొల్లు: అక్కడిదాకా రెండూ ఒకటే. తీరా చూస్తే ‘బిల్డింగ్’ మొదట్లోనూ అవే! డొమైన్ షరతు అడ్డు లేకపోతే అపార్ట్‌మెంట్ మీటింగ్ మెయిళ్లు కూడా మేతలో పడేవి.

ఇప్పుడు 12 పాత మెయిళ్లను ఫైళ్లుగా దాచుకుని, రూల్ మార్చినప్పుడల్లా సీవ్-టెస్ట్ కమాండ్‌తో చూస్తున్నాను. మెయిల్‌ను కదపకుండానే అది ఎక్కడికి పోతుందో చెబుతుంది. 11 సరిగ్గా పోయాయి. పన్నెండోది గుమస్తా సొంత జీమెయిల్ నుంచి పంపిన బిల్లు. ఆ అడ్రస్‌ను డొమైన్ షరతుతో కలిపి ఇంకో ఎనీఆఫ్‌లో పెట్టాలి.