శుక్రవారం నాటి ఫైలు

ఈరోజు ఆఫీసులో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. సిస్టమ్ పడిపోలేదు, మేనేజర్ నుంచి ఎర్ర అక్షరాల మెయిళ్లు రాలేదు. ఒక్క ఫైలు వెనక్కి తెచ్చాం, అంతే. కానీ షిఫ్టులో సగం దానికే పోయింది కాబట్టి రాసుకుంటున్నాను.

మా క్లయింటు అమెరికాలో, మేం హైదరాబాద్‌లో. వాళ్ల మెయిన్‌ఫ్రేమ్ మీద జెడ్/వీఎమ్ నడుస్తుంది, అంటే ఒకే మెషీన్‌ని చాలా వర్చువల్ మెషీన్లుగా పంచే ఐబీఎమ్ ఆపరేటింగ్ సిస్టమ్. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సంటే కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2. వీఎమ్ ఊసు ఎవరూ ఎత్తరు. అందుకే టీములోకి కొత్తగా వచ్చిన కుర్రాడు అన్నీ ఇక్కడే, పని చేస్తూనే నేర్చుకుంటున్నాడు. 1972లో వీఎమ్/370గా మొదలైంది ఇప్పటికీ జీతాలిస్తోందంటే అతనికి నవ్వొస్తుంది. రానీ.

సాయంత్రం, అక్కడ ఆఫీసు తెరిచే వేళకి అక్కడ పనిచేసే ఒకావిడ నుంచి టికెట్ వచ్చింది. రేట్ల పట్టిక ఉన్న ఫైలు శుక్రవారం ఎలా ఉందో అలా కావాలి, అర్జెంట్. ఫైలు ఉన్నది ఎస్ఎఫ్ఎస్‌లో, అంటే షేర్డ్ ఫైల్ సిస్టమ్‌లో. 1988లో వీఎమ్/ఎస్‌పీ రిలీజ్ 6తో వచ్చింది ఇది. అంతకుముందు అన్నీ మినీడిస్కులే, అంటే పెద్ద డిస్కులోంచి ఒక్కో యూజర్‌కి కోసిచ్చిన ముక్కలు. ఒకరు రాస్తుంటే మిగతావాళ్లు చదవడం వరకే. అదీ మధ్యలో ఫైలు మారితే చదివేవాడికి చెత్త కనిపించేది, మళ్లీ యాక్సెస్ చేసుకోవాల్సిందే. ఎస్ఎఫ్ఎస్‌లో డైరెక్టరీలుంటాయి, ఫైలు ఫైలుకీ విడివిడిగా అనుమతులివ్వొచ్చు, ఒకరి ఫైలుకి ఇంకొకరు తమ డైరెక్టరీలో ఏలియాస్, అంటే అసలు ఫైలునే చూపించే మారుపేరు, పెట్టుకోవచ్చు.

"అన్నా, రిస్టోర్ కొట్టేయనా?" అన్నాడు కుర్రాడు, చేతులు అప్పటికే కీబోర్డు మీద ఉన్నాయి.

ఏ రిస్టోర్ అని అడిగాను. ఫైల్‌పూల్ రిస్టోర్ అన్నాడు. ఫైల్‌పూల్ అంటే ఎస్ఎఫ్ఎస్ ఫైళ్లన్నీ ఉండే ఉమ్మడి చోటు, స్టోరేజ్ గ్రూపు అంటే అందులో కొన్ని డిస్కుల గుంపు. ఆ కమాండ్ ఒక స్టోరేజ్ గ్రూపు మొత్తాన్ని బ్యాకప్ నాటి స్థితికి తీసుకెళ్తుంది. ఆ గ్రూపులో ఎంతమంది ఉంటే అంతమంది ఫైళ్లూ వెనక్కెళ్తాయి. ఒక్కావిడ రేట్ల పట్టిక కోసం అందరి సోమవారం, మంగళవారం పని గాల్లో కలిసిపోతుంది. డిస్కే పోయినప్పుడు వాడాల్సిన కమాండ్ అది. ఒక ఫైలు కావాలంటే ఫైల్‌లోడ్ ఉంది, అదే బ్యాకప్‌లోంచి అడిగిన ఫైలు ఒక్కటే తీసిస్తుంది. నన్నడిగితే ఎస్ఎఫ్ఎస్‌లో అడ్మిన్‌కి నిజంగా మేలు చేసింది ఈ కమాండే.

"మరి డీడీఆర్‌తో రాదా?" అన్నాడు. డీడీఆర్ అంటే డిస్కుని ఉన్నదున్నట్టు టేపుకి తీసి, మళ్లీ దింపే ప్రోగ్రామ్. మినీడిస్కుల మీద అలవాటైనవాళ్లందరూ అడిగేదే. మినీడిస్కయితే సులువు: డీడీఆర్ డంపును ఖాళీ డిస్కు మీద దింపి, లింక్ చేసుకుని, కావాల్సిన ఫైలు కాపీ చేసుకుంటాం. ఇక్కడ అలా కుదరదు. ఫైల్‌పూల్‌లో ఒకరి ఫైళ్లన్నీ ఒకే డిస్కులో ఉంటాయన్న నమ్మకం లేదు, ఒక ఫైలు బ్లాకులే రెండు డిస్కుల్లో ఉండొచ్చు. ఏ బ్లాకు ఎవరిదో చెప్పే కేటలాగ్ స్టోరేజ్ గ్రూపు 1లో ఉంటుంది, డేటా ఏమో 2 నుంచి పైన గ్రూపుల్లో. ఒక్క డిస్కును మాత్రం పాత రోజుకి తిప్పితే కేటలాగ్ ఒకటి చెబుతుంది, డిస్కులో ఇంకొకటుంటుంది. డీడీఆరే వాడాలంటే సర్వర్ ఆపి, కంట్రోల్ డిస్కు, లాగులు, కేటలాగ్, డేటా అన్నీ ఒకేసారి తీయాలి, ఒకేసారి దింపాలి.

అతను తెలివైనవాడే. వెంటనే, "రెండు లాగ్ డిస్కులున్నాయిగా, వాటిలోంచి తీయొచ్చుగా" అన్నాడు. ఇక్కడే చాలామంది, మా క్లయింటు మేనేజర్లతో సహా, తప్పుగా ధైర్యం తెచ్చుకుంటారు. లాగుల్లో రాసేది కేటలాగ్‌లాంటి కంట్రోల్ డేటాలో వచ్చే మార్పులు. కేటలాగ్ డిస్కు పోతే, ఆఖరి కంట్రోల్ బ్యాకప్ దింపి, లాగు కలుపుకుంటూ పోయి, పడిపోయిన క్షణం దాకా తెచ్చుకోవచ్చు. యూజర్ ఫైళ్ల లోపల ఏం రాశారన్నది లాగులో ఉండదు. డేటా డిస్కు పోతే మనకు దక్కేది ఆఖరి బ్యాకప్ నాటి డేటా మాత్రమే. లాగులు రెండున్నాయి కదా, ఏమీ పోదు అని మీటింగుల్లో ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈరోజు ఎవరూ అనలేదు, అనవసరంగా గుర్తొచ్చింది.

సరే, ఫైల్‌లోడ్. కానీ ముందు ఆవిడకి ఫోన్ చేశాను. టికెట్‌లో రాసింది చదివి పనిలో దిగిపోవడం నాకు ఇష్టముండదు. అడిగితే అసలు సంగతి బయటపడింది. పాత ఫైలు గజిబిజిగా ఉందని సోమవారం ఆవిడే ఇరేజ్ చేసి, అదే పేరుతో కొత్తది మొదలుపెట్టారు. రెండు రోజుల ఎంట్రీలు అందులో ఉన్నాయి. పాతదాన్ని అదే పేరుతో దాని మీదకే దింపి ఉంటే ఆ ఎంట్రీలు పోయేవి. ఆ మాట చెప్పగానే ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రెండూ కావాలి" అన్నారు.

ఇక ఏ టేపు? టేపు అనడమే గానీ ఇప్పుడన్నీ వర్చువల్ టేపులే. బ్యాకప్ అక్కడ రాత్రి 10 గంటలకి మొదలవుతుంది. అది నడిచినంతసేపూ ఆ గ్రూపు ఫైళ్లు చదవొచ్చు గానీ రాయడం కుదరదు, అందుకే ఆ వేళ పెట్టుకున్నారు. అక్కడ శుక్రవారం రాత్రి 10 అంటే మనకి శనివారం ఉదయం 7:30. మా షిఫ్టు షీటులో తేదీలన్నీ మన లెక్కలో ఉంటాయి. కుర్రాడు షీటు చూసి శుక్రవారం అని ఉన్న టేపు నంబర్ రాసుకున్నాడు. అది అక్కడి గురువారం రాత్రిది. ఫైలు వచ్చేది, ఎర్రరేమీ ఇచ్చేది కాదు, శుక్రవారం మార్చిన రేట్లు మాత్రం అందులో ఉండేవి కావు. నంబర్ మార్పించాను. ఏమీ అనలేదు, ఆ షీటు చూస్తే ఎవరైనా అదే తీస్తారు.

వేరే డైరెక్టరీలో, వేరే పేరుతో దింపాం. కాస్త టైమ్ పట్టింది, ఈలోగా క్యాంటీన్‌లో మిర్చి బజ్జీ తిన్నాం, నూనె మరీ ఎక్కువ. తిరిగొచ్చేసరికి ఫైలు వచ్చేసింది. ఆవిడకి చదివే అనుమతి ఇచ్చాం. ఎక్స్‌ఎడిట్ అనే ఎడిటర్‌లో రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి, శుక్రవారం రేట్లు ఇవేనని చెప్పారు. కలపడం ఆవిడే చేసుకుంటానన్నారు, మంచిదే. ఏ రేటు సరైనదో మాకెలా తెలుస్తుంది?

అంతటితో అయిపోలేదు. ఆవిడ పక్క సీట్లలో ఇద్దరు ముగ్గురు ఆ ఫైలుకి ఏలియాస్ పెట్టుకున్నారు. సోమవారం నుంచీ వాళ్ల ఫైల్‌లిస్ట్‌లో అది ఇరేజ్డ్ అని కనిపిస్తోందట. ఫైలు వెనక్కొచ్చింది కదా, అదే సర్దుకుంటుందని వదిలేయకుండా, ఎందుకైనా మంచిదని ఆ ఏలియాస్‌లు తీయించి కొత్తగా పెట్టించాను. అనుమతులు కూడా మళ్లీ ఇప్పించాం. ఎవరెవరికి ఇవ్వాలన్న జాబితా ఆవిడ దగ్గరుంది కాబట్టి సరిపోయింది.

టికెట్ కుర్రాడి పేరు మీదే మూయించాను. షిఫ్టు షీటులో అక్కడి తేదీకి ఒక కాలమ్ పెడదామన్నాడు, అడగకుండానే. రేపు మేనేజర్‌కి మెయిల్ పెట్టాలి.